మొదటి గరిటె అన్నం

పూజామందిరం ముందు పెట్టిన పాస్‌పోర్టు తెల్లారేసరికి మాయమైంది. ఆ రోజు బుధవారం. హోనామి విమానం శుక్రవారం.

కొత్తది ఏది ఇంటికొచ్చినా ముందు పోయినవాళ్ళకు చూపాలి. తమ ఊరు తొయామాలో అందరూ చేసేదే. అందుకే రాత్రి దాన్ని నాన్న ఫోటో ముందు ఉంచింది. కట్టుడు పళ్ళ సెట్లు చేయడంలో పన్నెండేళ్ళ అనుభవానికి కెనడాలో దొరికిన ఉద్యోగం. శుక్రవారం బయలుదేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. తను, తల్లి ఇసోకో.

"అమ్మా, తీసింది నువ్వే కదా?"

"నాన్ననడుగు. ఆయన ముందేగా పెట్టావు," అంది ఇసోకో, కుక్కర్‌లోంచి మొదటి గరిటె అన్నం చిన్న ఇత్తడి గిన్నెలో పెడుతూ. భర్త పోయిన తొమ్మిదేళ్ళలో ఆ గిన్నె ఒక్క పొద్దునా ఖాళీగా లేదు. పోయినవాళ్ళకు ఆకలేస్తుందా అని హోనామి ఒకసారి అడిగింది. "వెయ్యదని నీకెవరు చెప్పారు?" అంది తల్లి.

హోనామి పరుపుల అల్మరా, చెప్పుల అర, చివరికి ఊరగాయ జాడీ కూడా వెతికింది. కిమోనోల బీరువా సగం ఖాళీగా ఉంది.

"నా దగ్గర కట్టడం నేర్చుకునే పిల్లలకిచ్చాలే," అంది ఇసోకో.

నిన్ననే నింపిన బియ్యం డబ్బాలో మాత్రం హోనామి చెయ్యి పెట్టలేదు. నాన్నకు వండే బియ్యం. కెలకడం తప్పు.

వీధి చివర ఠాణాలో కానిస్టేబుల్ ఉషిజిమ అంతా విని పెన్ను మూత తీశాడు. "రాయమంటే రాస్తా. కానీ మీ అమ్మ పేరే రాయాలి. రాయనా?"

హోనామి లేచి వచ్చేసింది.

శుక్రవారం విమానం ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

"నువ్వు లేకపోతే ఉండలేనని ఒక్క మాట చెప్పొచ్చుగా అమ్మా! దొంగతనం దేనికి?"

"ఏడవకే, ముక్కు ఎర్రబడింది. రేపు నాన్నకు నువ్వే పెట్టు. మొదటి గరిటె, గుర్తుందిగా?"

పాపం, అమ్మ ఒంటరిదాన్నైపోతానని భయపడింది అనుకుంది హోనామి. కోపం కాస్త తగ్గింది.

శనివారం లేచేసరికి వంటింట్లో చప్పుడు లేదు. నాన్న ఫోటో ముందు ఇత్తడి గిన్నె ఖాళీ. దాని కింద చీటీ.

"పాస్‌పోర్టు బియ్యం డబ్బా అడుగున ఉంది. ఇద్దరమూ వెళ్తే ఆయన పస్తుంటారు. సావో పావులోలో కిమోనో కట్టడం నేర్పే ఉద్యోగం నాకు రెండేళ్ళే; నా విమానం పదింటికి."