ఖాళీ గదిలో ఫ్యాను

సోలార్ కరెంటు ఎక్కువై, వాడకం చాలకపోతే గ్రిడ్ కూలిపోయే రోజులవి. మిట్టమధ్యాహ్నం గ్రిడ్ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయ్‌గారూ, వీధంతా ఉత్తి గ్రైండర్లు కూడా తిప్పేస్తున్నారు. మీ ఇంట్లో ఒక ఫ్యాను ఆగుంది."

"ఆ గదిలో ఎవరూ లేరమ్మా," అన్నాడు పానకాలరావు.

"మనుషులక్కర్లేదండీ, తిరిగితే చాలు."

ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే "మీ తాత జమీందారా?" అనేది భార్య భ్రమరాంబ. ఆవిడ పోయి ఏడాదైనా పానకాలరావుకి ఆ భయం పోలేదు. అందుకని స్విచ్చి వేసి, గది ఖాళీగా ఉండకుండా ఆవిడ మంచమ్మీద తనే కూర్చున్నాడు. దండెం మీద చీరకొంగు ఊగింది.

సాయంత్రం మళ్ళీ ఫోనొచ్చింది. "ఎండ తగ్గింది, ఆపెయ్యండి బాబాయ్‌గారూ."

జన్మంతా స్విచ్చిలు ఆపడమే పనిగా బతికిన మనిషి బతిమాలాడు.

"ఇంకో పది నిమిషాలు తిరగనీ తల్లీ. గదిలో మేం ఉన్నాం."