కాలువ కన్నుకు దిష్టి

పిల్లకాలువల మీద స్తంభాలకు నీటిమట్టం కొలిచే యంత్రాలు, అదే నీటి కళ్లు, బిగించాక తూముల దగ్గర మనుషుల అవసరం లేకపోయింది. ఏ కాలువలో ఎంత నీరుందో పైనుంచే చూసి, ఏ మడికి ఎంత కావాలో ఆ కన్నే వదిలేది.

అయినా తోడికోడలు పైడితల్లి మడి పచ్చగా కనబడితే నూకాలమ్మకు ముద్ద దిగేది కాదు.

"దాని ఏడుపు తగిలే మన కన్ను సరిగ్గా నీల్లొదల్డం నేదు," అంటూ మొగుడు అసిరినాయుడి చేత తమ కన్ను కింద దిష్టి గుమ్మడికాయ వేలాడగట్టించింది.

కన్ను ఆ కాయనే నీటిమట్టం అనుకుంది. వెంటనే ఫోను పలికింది: "మీ కాలువ నిండింది. మీ వంతు నీరు పైడితల్లి గారి మడికి మళ్లిస్తున్నాం."

అసిరినాయుడు కత్తి పట్టుకుని పరుగెత్తబోయాడు.

"ఆగయ్యా!" అని అరిచింది నూకాలమ్మ. "మనది తరవాత కోద్దువుగాని. ముందెల్లి దాని కన్ను కింద ఇంతకన్నా పెద్ద కాయ కట్టు!"