ఊరికే చూసి పోయేవాళ్లు

"ఆ పెద్దావిణ్ణి నువ్వు పంపిస్తావా, నిన్ను నేను పంపించనా?" అన్నాడు ఫర్నిచర్ షోరూం మేనేజర్.

సేల్స్ అమ్మాయి తల తిప్పి చూసింది. మూడో వరసలో, పిల్లల గదిలా అమర్చిన చోట, పెద్దావిడ ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ మనవడు, రెండేళ్లవాడు, అక్కడున్న చిన్న మంచం ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, మళ్లీ ఎక్కుతున్నాడు. లోకంలో ఇంతకంటే ముఖ్యమైన పని లేనట్టు మూతి బిగించి మరీ ఎక్కుతున్నాడు.

"నెల రోజులుగా చూస్తున్నాను," అన్నాడు మేనేజర్. "సరిగ్గా రెండింటికి దిగుతారు. మూడున్నర దాకా కదలరు. బేరం లేదు, పాడూ లేదు. ఇదేమన్నా పార్కా? నా దగ్గర మొహమాటాలు కుదరవు. చుట్టాలతో ముచ్చట్లు పెట్టిందని ఆ కుర్చీల సెక్షన్ పిల్లని ఏం చేశానో చూశావుగా."

చూసింది. ఆ పిల్ల అదే సాయంత్రం యూనిఫాం మడతపెట్టి కౌంటర్ మీద పెట్టేసి వెళ్లిపోయింది.

"చెప్తాను సార్."

"చెప్పడం కాదు, మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదు. నేనిక్కడే నిలబడి వింటాను."

ఆ అమ్మాయి కదిలింది. ఇంట్లోవాళ్లు లేవకముందు బయలుదేరి, వాళ్లు పడుకున్నాక ఇల్లు చేరే ఉద్యోగం ఆమెది. చుట్టూ ముప్పై సోఫాలున్నా సేల్స్ వాళ్లు ఒక్కదాంట్లోనూ కూర్చోకూడదు. కాళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. ఆ మొద్దుతనం మోకాళ్ల దగ్గర ఆగకుండా మెల్లగా పైకి పాకి, ఈ మధ్య గుండె దాకా వచ్చింది. ఏడుపు రావలసిన చోట ఆవలింత వస్తోంది.

"అమ్మగారూ, ఇక్కడ ఊరికే కూర్చోకూడదండీ."

పెద్దావిడ ముందు ఆమెని చూసింది, తర్వాత నాలుగడుగుల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ మేనేజర్‌ని చూసింది.

"ఏం, కూర్చుంటే అరిగిపోతుందా స్టూలు?"

"కొనేవాళ్ల కోసమండీ అవి."

"కొంటాంలే. వీడికి పెళ్లి కుదరగానే డబుల్ కాట్ ఇక్కడే తీసుకుంటాం. రాసిపెట్టుకో."

మేనేజర్ నవ్వలేదు. సేల్స్ అమ్మాయీ నవ్వలేదు.

"బాబుని పార్కుకి తీసుకెళ్లొచ్చు కదండీ."

"జారుడుబల్ల రేకు లేచిపోయింది. జారితే ముందు నిక్కరు చిరుగుతుంది, ఆ తర్వాత తోలు."

"రైలు గేటు దగ్గరికి?"

"మొన్న గంటన్నర నిలబడ్డాం. ఒక్క గూడ్సు వచ్చింది. అదొచ్చేసరికి వీడు నా భుజం మీద నిద్రపోయాడు."

"రంగు చేపలమ్మే కొట్టుంది. ఊరికే చూడనిస్తారు."

"చూడనిచ్చారు. రెండో రోజు వీడు తొట్టిలో చెయ్యి పెట్టాడు. మూడో రోజు మమ్మల్ని చూసి ఆ కొట్టాయన తలుపేసుకున్నాడు."

"పోనీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి రండి. చిన్నపిల్లలకి టికెట్ లేదు."

"వాడికి లేదు తల్లీ, నాకుంది."

సోఫా ధరలు ఒప్పజెప్పే గొంతుతోనే ఆ అమ్మాయి ఇవన్నీ చెప్పింది. ఇక ఆమెకి చోట్లు తట్టలేదు.

పెద్దావిడ గొంతు తగ్గించింది. "మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నమైతే పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. అదీ ఓర్చుకుంటాం. కానీ ఎటు తీసుకెళ్లినా వీడు ఇటే వేలు చూపిస్తాడు. ఎవరికీ అడ్డం రాం. గంట వద్దు, అరగంట. అదీ కుదరదా?"

"కుదరదండీ."

ఈలోగా పిల్లాడు మంచం దిగి, పక్కనున్న డైనింగ్ టేబుల్ మీది పళ్లబుట్టలోంచి ప్లాస్టిక్ ఆపిల్ పట్టుకొచ్చాడు. ఓ మూల కొరికి చూశాడు, మోసం తెలిసినట్టుంది, దాన్ని ఆమెకి చాపాడు.

"అది తినేది కాదు బాబూ."

వాడు చాపిన చెయ్యి దించలేదు. ఆమె తీసుకుని బుట్టలో సర్దింది. వేళ్లకి ఎంగిలి తడి అంటింది, తుడుచుకోలేదు. బాధ కలగాలి కదా అనుకుంది. కలగలేదు. కలగనందుకు మాత్రం కొంచెం భయం వేసింది.

"లేవండి," అంది.

పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని లేచి, మనవణ్ణి చంకనేసుకుంది. "పదరా నాయనా. నీకూ నాకూ రోడ్లున్నాయి, అవి ఎవరూ మూసెయ్యరు."

సేల్స్ అమ్మాయి వాళ్లని గుమ్మం దాకా నడిపించింది. వాచ్‌మన్ అద్దాల తలుపు లాగి పట్టుకున్నాడు. బయటి వేడి ఒక్కసారిగా మొహానికి కొట్టింది.

"రేపు రాకండి," అంది ఆమె, మేనేజర్‌కి వినపడేంత గట్టిగా. "ఎల్లుండి కూడా రాకండి. ఇంకెప్పుడూ రాకండి."

"రాంలే తల్లీ. నీ ఉద్యోగం చల్లగుండాలి," అని పెద్దావిడ మెట్లు దిగింది.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. ఆవిడ భుజం మీంచి పిల్లాడు వెనక్కి తిరిగి, సేల్స్ అమ్మాయిని చూసి, బొద్దు చెయ్యి ఊపాడు.

"టాటా అక్కా!"

తలుపు మూసుకుంది.

"చూశావా! ఏడ్చి షోరూం ఎగరగొడతాడనుకున్నాను," అన్నాడు మేనేజర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "ఎంచక్కా టాటా చెప్పి వెళ్లాడు. కన్నతల్లి ఎవరో గానీ, మంచి మాటలే నేర్పింది."

"అవును సార్," అంది ఆమె.

కన్నకొడుకు చేత 'అమ్మా' మాన్పించి, ఆ ఒక్క 'అక్కా' పలికించడానికి ఆమెకి నాలుగు సెలవు రోజులు పట్టింది.