బాతుల విచియన్ దవడ

బాతుల విచియన్ దవడ వాచగొట్టింది బాక్సర్ ఖంపనే అన్న విషయంలో దక్షిణ థాయిలాండ్‌లోని సోంగ్‌ఖ్లా బజారులో రెండో అభిప్రాయం లేదు. ఎందుకు కొట్టాడన్న దగ్గరే జనం రెండుగా చీలిపోయారు.

"ఈసాన్ వాడు కదా! ఆ ఈశాన్యపు కరువు నేలలో పుట్టినవాళ్ళకి కోపం ముక్కు మీదే ఉంటుంది," అన్నాడు సెలూన్ నిపోన్.

"నేనూ ఈసాన్ దాన్నే," అంది పక్క కొట్టు సమ్లీ. "ఇన్నేళ్ళుగా నీ పక్కనే కూర్చుని రోకలితో పచ్చి బొప్పాయి దంచుతున్నాను. ఒక్కనాడైనా నీ బుర్ర దంచానా?"

"పిన్నీ, నీ సంగతి వేరు. వీడు థాయ్ బాక్సరు. పిడికిలికీ మోచేతికీ దురద పుడుతుంది."

"నువ్వు పొద్దస్తమానం జనం గొంతుల మీద కత్తి గీస్తున్నావు. నీకు దురద పుట్టలేదే?"

బజారు మూల పోలీస్ ఔట్‌పోస్టు ముందు జరుగుతోంది ఈ గోల. లోపల బల్ల మీద ఖంపన్ తల దించుకుని కూర్చున్నాడు. ఎదురుగా బాతులమ్మే విచియన్. అతని బుగ్గ ఆవిరి మీద ఉడికిన బన్నులా ఉబ్బింది. సమ్లీ పోట్లాటలో ఉంటూనే లోపలికొచ్చి, గుడ్డలో కట్టిన మంచుముక్క అతని చేతిలో పెట్టి, మళ్ళీ వెళ్ళి పోట్లాటలో కలిసింది.

హెడ్డు బున్‌లెర్త్‌కి కేసు రాయడం ఇష్టం లేదు. శనివారం బ్యాంకాక్ స్టేడియంలో ఖంపన్ మొదటి పోటీ. కేసు పడితే వాడి బదులు ఇంకొకణ్ణి తీసుకెళ్తానని శిక్షణ శిబిరం పెద్ద అప్పుడే కబురు పంపాడు. అవతల వాళ్ళమ్మ ఊళ్ళో సగం మందికి బస్సులో సీట్లు మాట్లాడేసింది. కానీ ఇంత జనం మధ్య జరిగిందాన్ని కప్పేయడం ఎలా?

ఆయన ఫ్యాను ఖంపన్ వైపు తిప్పి, గుమ్మంలోకి చూసి అడిగాడు. "ముందు జరిగింది చెప్పండి."

సమ్లీ అందుకుంది. "పొద్దున్నే విహారం పెద్దస్వామి భిక్షకొచ్చారు. ఖంపన్ తను వండుకున్న ఈసాన్ జిగురన్నం ఆయన పాత్రలో పెట్టాడు. 'స్వామికి జిగురు పెడుతున్నావేంట్రా, నోరు అతుక్కుపోదూ?' అన్నాడు విచియన్. 'నీ ముసలి బాతుల కంటే నయమే' అన్నాడు ఖంపన్. ఇంతలో స్వామి ఆశీర్వచనం మొదలెట్టారు. అందరం మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి తలలు వంచాం. ధబ్బుమని చప్పుడు. తలెత్తితే విచియన్ బాతుల గంపలో ఉన్నాడు. పక్కన ఖంపన్ నిలబడి ఉన్నాడు."

"అంటే కొట్టడం ఎవరూ చూడలేదా?"

"ఆశీర్వచనంలో తలెత్తి దిక్కులు చూస్తారటండీ? పాపం కదూ!"

"చూడాలా ఏంటి?" అన్నాడు నిపోన్. "బజారు మొత్తానికి గుద్దడమే బతుకుతెరువైనవాడు ఒక్కడే ఉన్నాడు."

హెడ్డు విచియన్ వైపు తిరిగాడు. విచియన్ నోట్లో మాట మంచుతో కలిసి వచ్చింది. "ఎవరూ కొట్టలేదండీ. నేనే కాలు జారి పడ్డాను."

"చూశారా! ఎంత బెదిరించాడో!" గుమ్మంలోంచి నిపోన్ కేక.

"ఖంపన్, నువ్వు చెప్పు బాబూ. కొట్టావా?"

ఖంపన్ నేల చూస్తూ అన్నాడు. "మీరెలా రాసుకుంటే అలాగే కానివ్వండి సార్."

హెడ్డు నిట్టూర్చి కలం తీశాడు. అప్పుడే బయట గోల ఆగిపోయింది. జనం పక్కకి జరిగి మోకాళ్ళ మీద కూర్చున్నారు. కాషాయవస్త్రం సర్దుకుంటూ పెద్దస్వామి మెల్లగా లోపలికొచ్చారు. ఖంపన్ ఉండేది ఆయన బౌద్ధ విహారం వసారాలోనే. డెబ్బై దాటిన మనిషి, గట్టిగా గాలి వీస్తే పడిపోతారనిపిస్తుంది.

"ఆ కాగితంలో నా పేరు రాసుకో నాయనా," అన్నారాయన. "తప్పు నాది."

సమ్లీ మెడలోని తువ్వాలుతో కళ్ళొత్తుకుంది.

"ఆశ్రయమిచ్చిన పాపానికి వాడి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నారు!" అన్నాడు నిపోన్. "ఇలాంటివారు ఉండబట్టే వానలు కురుస్తున్నాయి."

"కాదు నాయనా, నిజంగానే..."

"ఎంత వినయం!" అన్నాడు హెడ్డు, కాగితం నాలుగు ముక్కలు చేస్తూ. "కేసు లేదు, ఏమీ లేదు. ఖంపన్, పెద్దాయన పరువు నిలబెట్టు. ఇంకెవరి మీదా చెయ్యెత్తకు, శనివారం తప్ప."

నిపోన్ స్వయంగా వెళ్ళి ఖంపన్ భుజం తట్టాడు. "ఏదో అన్నాన్లే తమ్ముడూ. పోటీకి ముందు రా, జుట్టు ఊరికే కత్తిరిస్తాను."

స్వామీ ఖంపనూ విహారానికి నడుస్తున్న సందులో జనం లేరు. వెనకనించి విచియన్ పరుగెత్తుకొచ్చి స్వామి ముందు బోర్లా పడ్డాడు.

"స్వామీ! బాతుల్ని అనేసరికి ఒళ్ళు మండి, వీడి మీదికి చెయ్యి విసిరాను. వీడు వంగాడు. అది మీ తల మీదికే వచ్చింది. స్వామి తల మీదికి! నేను ఏడు జన్మలూ బాతునై పుడతాను. నా దవడ పగలడమే న్యాయం."

"లే నాయనా. ముందు ఇంటికెళ్ళి వేడి గంజి తాగు. నమలక్కర్లేదు."

విచియన్ మూడుసార్లు మొక్కి, దవడ పట్టుకుని వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, ఖంపన్ భక్తిగా చేతులు జోడించి గొంతు తగ్గించాడు.

"స్వామీ, అంత దగ్గరున్నా నా కంటికి ఆనలేదు. మీరు ఆ ఎడమ మోచెయ్యి ఎలా వేశారో, శనివారంలోగా నాకొక్కసారి చూపించరూ?"