యెరికో మట్టి

యెరికో శిథిలాల్లో పొద్దటి నుంచి మా వెంటే తిరిగిన కావలివాడు, తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర నా సంచీ విప్పించాడు. బైబిలు కింద రుమాలులో మూటగట్టిన మట్టి బయటపడింది.

అతని ముఖం మారిపోయింది. ఇక్కడి మట్టి గాని పెంకు గాని తీసుకుపోతే జైలేనని ముందే అందరికీ చెప్పారు. అతను నా పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు. అది 1983. వరంగల్ నుంచి మాతో వచ్చిన చర్చి సంఘం వాళ్లంతా అప్పటికే బస్సెక్కారు.

మా చెల్లెలు ప్రమీల నా భుజం పట్టి కుదిపింది.

"ఈ దిబ్బ కంటె మన ఖిల్లాల మట్టికోట నయం గదక్కా. ఏం కరువొచ్చిందని మూటగట్టినవ్? పుట్టినరోజు పూట జైలుకు పోతవా?"

నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను.

ప్రమీల వచ్చీరాని ఇంగ్లీషులో బతిమాలింది. మా అక్క ప్రార్థనపరురాలు సార్, ఇయ్యాల ఆమె బర్త్‌డే అంది. చాలాసేపటికి అతను మెత్తబడ్డాడు. మట్టి తీసినచోటే పోసి రమ్మని దిబ్బ వైపు చెయ్యి చూపించాడు.

వెళ్లి మోకరించి రుమాలు విప్పాను. పోసి, అరచేత్తో సాపు చేశాను. అతను పాస్‌పోర్టు తిరిగి ఇచ్చాడు.

బస్సు వైపు నడుస్తూ ప్రమీల అడిగింది. "నా పానం తీసినవ్ గదక్కా. అసలు ఎప్పుడు తవ్వినవ్?"

"ఈడ తవ్వలే. మనూరి మట్టెవాడల అమ్మ సమాధి కాడ తీసిన. ఇయ్యాల నన్ను కన్న దినం గద. యెరికో చూడాలని సచ్చేదాంక అన్నది."

ప్రమీల ఆగిపోయింది.

"ఈడ పొయ్యనిస్తరో లేదోనని పొద్దటి సంది ప్రార్థన చేసిన. ఆయనే పొయ్యమన్నడు."