రాణి అటు తిరిగినప్పుడు

“ఎందుకు వెళ్లిందో తెలియకపోతే నేనా మాట ఎలా పలకాలండీ?” అంది కాంతమణి, మైకు ముందు నుంచి.

అద్దానికి ఇవతల యోగిత లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. బటన్ నొక్కి, “స్క్రిప్టులో ఉన్నట్టే పలకండి మేడం,” అంది.

బేగంపేటలో మూడో అంతస్తులో ఉన్న డబ్బింగ్ స్టూడియో అది. తెర మీద విదేశీ సిరీస్‌లోని రాణి నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది. ఆమె వెనక కొండంత డ్రాగన్. ఎప్పుడో వదిలేసిన కూతురు పెద్దదై తిరిగొచ్చి, “ఊయలలో నన్నెందుకు వదిలి వెళ్లావు?” అని నిలదీసే సీను. రాణి “అది విధి” అంటుంది. అటు తిరిగి నడుచుకుంటూ వెళ్లి డ్రాగన్ ఎక్కుతుంది. అంతే. ఆ మాటలను తెలుగులో రాసేది యోగిత.

“గా డ్రాగన్ రెక్క చూడుండ్రి,” అన్నాడు సౌండ్ ఇంజనీర్ రాజేందర్. “నరాలు సుత కనబడుతున్నయి. డ్రాగన్‌కు అన్నీ పెట్టిండ్రు. రాణికే ఒక్క కారణం దొరకలే.”

యోగిత నవ్వబోయి దగ్గింది. రాజేందర్ ఏసీ తగ్గించాడు.

“ఏందీ మేడం, మందు గిట్ల ఏస్కోరా?”

“చిన్నప్పటిసంది ఉన్నదే. పోదు.”

అద్దం అవతల కాంతమణి హెడ్‌ఫోన్స్ తీసి మళ్లీ పెట్టుకుంది. యాభై దగ్గర పడిన మనిషి. సికింద్రాబాద్ చర్చిలో వాక్యం చదివీ చదివీ తేలిన గొంతు. ఊళ్లో అన్ని స్టూడియోలకూ వెళ్తుంది గానీ, ఇక్కడికి ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఈ రాణి పాత్ర సంగతి తెలిసి మాత్రం తనే ఫోన్ చేసి అడిగింది. కాంతమణి పేరు వినగానే యోగిత వేరే ఎవరినైనా పిలుద్దామంది. పెద్ద ఆర్టిస్టులతో పేచీలుంటాయని భయపడుతోందేమో అనుకున్నాడు రాజేందర్. ఇప్పుడు చూస్తే ఆ భయం నిజమే అయింది.

“కన్నపిల్లను వదిలి వెళ్లిన ఆడది ‘విధి’ అనేసి ఊరుకుంటుందాండీ? రాసినవాళ్లకు బద్ధకం. మనమైనా ఒక్క మాట పెడదాం.”

“ఎక్కడ పెడతారు? ‘విధి’ తర్వాత పెదాలు కదలవు.”

“అటు తిరిగి నడుస్తుందిగా. నోరు కనబడదు. అక్కడ ఎంత మాటైనా పడుతుంది.”

రాజేందర్ తలూపాడు. డబ్బింగ్‌వాళ్లకు అది పాత ఉపాయమే. మొహం కనబడితే పెదాలకు లొంగాలి. వీపు కనబడితే ఎవరికీ లొంగక్కర్లేదు.

“వద్దు,” అంది యోగిత. “మొదటి సీజన్‌లో పోయింది. మళ్లీ ఒక్కసారన్నా వచ్చిందా? అట్లాంటామెకు కారణం ఎందుకు? కొందరు అంతే మేడం. ఊరికే పోతారు.”

“వచ్చిందేమో. వాళ్లు చూపించలేదేమో.”

“చూపించనిది జరగనట్టే.”

కాంతమణి చేతిలో కాగితాన్ని మడిచింది. ఆ చప్పుడు మైకులో గాలివానలా వినబడింది.

“ఈ ఒక్క మాట కోసమే ఈ వేషం అడిగి తీసుకున్నానండీ,” అంది చివరికి.

రాజేందర్ గొంతు తగ్గించాడు. “పెద్దామె మేడం. జెర నిమ్మళంగ మాట్లాడుండ్రి. ఒక్క టేక్ తీస్కుందాం. బాగలేకుంటే తీసేద్దాం. మనదేం పోతది?”

యోగిత జవాబు చెప్పేలోగానే రికార్డింగ్ షురూ చేశాడు.

తెర మీద రాణి కదిలింది. “అది విధి,” అంది కాంతమణి, పెదాలకు అతికినట్టుగా. రాణి అటు తిరిగింది. కాంతమణి కాగితం పక్కన పెట్టేసింది. ఆ తర్వాత వచ్చింది రాణి గొంతు కాదు. చర్చిలో చదివే గొంతూ కాదు.

“మళ్లీ వచ్చాను తల్లీ. నీ నాయనమ్మ తలుపు తియ్యలేదు. లోపల నువ్వు దగ్గుతుంటే వింటూ గుమ్మంలోనే నిలబడ్డాను.”

డ్రాగన్ రెక్కలు విప్పి ఎగిరిపోయింది.

రాజేందర్ పెద్దగా నవ్వాడు. “నీ గొంతుకు దండం అమ్మా! గని గీ నాయనమ్మ ఏడికెళ్లి వచ్చింది? రాణి అత్త కథ షురూ గాకముందే సచ్చిపాయె. గా పిల్లయితే మంటల్ల నడిచినా దగ్గలే!”

“పొరపాటైంది బాబూ.” ఆమె చూపు రాజేందర్ మీద లేదు.

యోగిత కళ్లు లాప్‌టాప్ మీదే ఉన్నాయి. వేళ్లు మాత్రం కదలడం లేదు.

“తీసెయ్ అన్నా.”

“జెర మార్చుకుంటే మస్తుంటది మేడం. నాయనమ్మను తీసి కావలివాళ్లను పెడితే...”

“తీసెయ్. సిరీస్ కంపెనీ ఒప్పుకున్నది ‘అది విధి’ ఒక్కటే. సాయంత్రానికి ఎపిసోడ్ పంపాలి.”

రాజేందర్ తీసేశాడు. రాణి మళ్లీ కారణం లేని మనిషైపోయింది.

కాంతమణి బయటికొచ్చి సంచీ భుజాన వేసుకుంది. తలుపు దగ్గర ఆగింది.

“వస్తానండీ.”

“థాంక్స్ మేడం,” అంది యోగిత, తల ఎత్తకుండానే.

తలుపు మెల్లగా మూసుకుంది.

“రేపు జనం మస్తు తిడ్తరు సూడు,” అన్నాడు రాజేందర్. “రాణిని దిమాక్ లేకుంట రాసిండ్రని.”

“తిట్టనీ.”

యోగిత లేచి వరండాలోకి వెళ్లింది. కింద కాంతమణి రోడ్డు దాటి మెట్రో మెట్లవైపు నడుస్తోంది. ఇక్కడి నుంచి వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు జనంలో కలిసిపోయేదాకా చూసి, పద్మారావు నగర్‌లోని తన ఇంటికి ఫోన్ చేసింది.

“ఏంది బిడ్డా, గీ టైంల ఫోన్ చేసినవ్? దగ్గు మందు ఏస్కున్నవా?” అంది అవతల ముసలి గొంతు.

ఎదురుగా మెట్రో రైలు వెళ్తోంది. ఆ చప్పుడు దాటిపోయేదాకా యోగిత ఆగింది.

“నాయనమ్మా, అమ్మ వచ్చిన నాడు తలుపెందుకు తియ్యలే?”