ఎర్ర వంపుగీత

రాత్రి పదకొండయింది. నందిగామ డీటీపీ షాపులో రిజ్వానా ఒక్కతే ఉంది. జగ్గయ్యపేట లెక్కల మాస్టారు సత్యమూర్తి గారి పుస్తకం పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లాలి. సమీకరణంలో మైనస్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ సమంగా లేకపోతే ఆయన ఊరుకోరు. ఖాళీ ఎక్కువైన చోటల్లా ఎర్ర పెన్నుతో వంపుగీత గీస్తారు. దగ్గరకు జరపమని దానర్థం.

ఆఖరి పేజీ ప్రింటు తీసింది. నలుపు మాత్రమే వేసే ప్రింటరులోంచి వచ్చిన ఆ కాగితం మీద, మైనస్ పక్కన, ఎర్ర వంపుగీత ఉంది. ముట్టుకుంటే వేలికి తడి అంటింది.

తికమకపడి ఫోన్ చేసింది. "మాస్టారూ, ఆఖరి పేజీ మీరు దిద్దారాండి?"

"నువ్వింకా పంపందే ఎట్టా దిద్దుతానమ్మా?"

అదీ నిజమే. కానీ గీత ఉన్నచోట ఖాళీ నిజంగానే ఎక్కువైంది. సరిచేసి మళ్లీ ప్రింటు తీసింది. ఈసారి లెక్కల్లో ఎక్కడా గీత లేదు. హమ్మయ్య అనుకోబోతూ కిందికి చూసింది. పేజీ అడుగున "టైపింగ్: రిజ్వానా" అని ఉన్నచోట, ఆమె పేరునూ పక్కనున్న తెల్లటి ఖాళీనీ కలుపుతూ ఎర్ర వంపుగీత ఉంది. ఆ ఖాళీలో ఏమీ లేదు. దేన్ని దగ్గరకు జరపాలో ఆమెకు అర్థం కాలేదు.

ప్రింటరు చప్పుడు ఆగింది. వెనక గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీ, గచ్చు మీద గీసుకుంటూ, ఒక్క అడుగు ముందుకు జరిగింది.